పంఖా చెప్పిన ధర

నెలనెలా కిరాయి ఇస్తమని దుకాణానికొచ్చి అడిగినోళ్లను బతిమాలి, కిరాయి వద్దని ఒప్పించిన ఘనురాలిని నేనే. చంద్రపూర్ బజార్ల ఇంకెవరి చేతనన్నా అయితదా గింత పని?

సంగతి ఏందంటే, మూడు దేశాల యూనివర్సిటీలు కలిసి ఒక పరిశోధన మొదలుపెట్టినయి. గది తనంతట తానే మనుషులను పసిగట్టి, ఎవరూ చెప్పకుండనే లైటూ పంఖా కూలరూ చూసుకోవాలె. దానికి బాగా ఎండలు కొట్టే ఊరు, జనం వస్తూ పోతూ ఉండే చోటు కావాలె. ఎండల సంగతిల మా ఊరికి ఎవరి సిఫారసూ అక్కర్లేదు. జనం కోసం మా బట్టల దుకాణం వాళ్ల కంట్ల పడ్డది.

మాట్లాడనీకె వచ్చింది నాగపూర్‌ల పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. మా ఊరి పక్కనున్న దుర్గాపూర్ బొగ్గుగని క్వార్టర్లల్ల పెరిగింది. తెలుగు గలగలా మాట్లాడుతది గాని మా తెలుగు బోర్డు చదవమంటే తడుముకుంటది.

"అక్కా, వెనుక గోదాం ఇస్తే చాలు. కిరాయి ఇస్తం," అన్నది.

ఎదుటోళ్లు అడిగినదానికి వెంటనే సరే అంటే నాకు అన్నం సయించదు. "గోదాం ఎందుకు? దుకాణమంతా పెట్టుకో. కిరాయి వద్దు. కొత్త పంఖాలు, కూలర్లు, లైట్లు మీరు పెట్టాలె. సీజన్ అయినంక అవి నావి."

ఆమె బయటికి పోయి ఫిన్లాండ్‌ల ఉన్న వాళ్ల ప్రొఫెసరమ్మతోటి ఫోన్‌ల మాట్లాడి, నవ్వుకుంట లోపలికొచ్చింది. "సరే అక్కా. కాని పెండ్లిళ్ల సీజన్ అయ్యేదాక స్విచ్ ముట్టొద్దు. నడుమ బంద్ చేస్తే మొత్తం డేటా ఖరాబ్. నా పీహెచ్‌డీ కూడా."

నవ్వుకుంట వచ్చినోళ్లను చూస్తే అనుమానం రావాలె. నాకు రాలే. సంతకం పెట్టిన.

గల్లా దగ్గర కూచున్న మా బాపు అన్నడు: "వచ్చే కిరాయి పోగొట్టి గాలి కొన్నవా బిడ్డా?"

గోడలకు, గిరాకీలు కూచునే గద్దె కింద, గడప దగ్గర గుండీలంత పరికరాలు పెట్టిన్రు. కెమెరా లేదు, మైకు లేదు. ఒంటి వేడి, కదలిక, అంతే. ఆ ముక్క తెలుగు, మరాఠీ, హిందీల రాసి గుమ్మానికి తగిలించినం. ఇగ చూడాలె నా సంబరం! గిరాకీ గద్దె మీద కూచోంగనే పైన పంఖా మెల్లగ అందుకుంటది. చీర మడత విప్పంగనే దాని మీద తెల్లటి వెలుగు పడుతది. నేను ఉట్టిగనే గద్దె ఎక్కి దిగి, ఎక్కి దిగి, చిన్నపిల్ల లెక్క ఆడుకున్న.

ఆ సంబరం మొదటి బేరం దాకనే. మా బజార్ల గిరాకీ లేవకుంటే బేరం నడిచినట్టే కాదు. ధర విని మూతి విరిచి, లేచి, చెప్పులేసుకొని మెట్టు దిగుతది. మేం "అరే, ఆగు వైనీ, ఆగు వదినా" అంటం. ఆమె రానట్టే వస్తది. తరాలుగ నడుస్తున్న మర్యాద ఇది. ఫిన్లాండ్ బుద్ధికి ఇది ఎట్ల తెలుస్తది? ఒకామె లేవంగనే పంఖా ఆగింది, లైటు పోయింది.

"పొమ్మంటున్నరా? పోతం తియ్యి," అని ఆమె నిజంగనే పోయింది.

నేను ఆగమాగం అయిన. బామ్ని ఊరి నుంచి ఒక కుటుంబం వచ్చేది ఉండె. వాళ్లింట్ల ఏ పెండ్లయినా బట్టలు మా దగ్గర్నే. ఆ ఒక్క ఆర్డర్ మీదనే మా సీజన్ నిలబడతది. ఈసారి ఎదురుంగ పడ్డ ఏసీ షోరూమోళ్లు వాళ్లింటికి కారు పంపుతమన్నరట. వాళ్ల మీద గిట్ల లైటార్పితే ఇగ మేం దుకాణానికే తాళం వేసుకోవాలె.

వీడియో కాల్ పెట్టినం. ప్రొఫెసరమ్మ అడిగింది, పిల్ల తెలుగుల చెప్పింది: "వెళ్లేటోళ్లు ఎవరో, వెళ్లినట్టు చేసేటోళ్లు ఎవరో మీకెట్ల తెలుస్తదని అడుగుతున్నది."

"తెలుస్తది."

"ఎట్ల?"

"ఎట్ల ఏంది? తెలుస్తది!"

అవతల ఆమె చప్పట్లు కొట్టింది. జపాన్ నుంచి ఇంకొకాయన ఎగిరి గంతేసినంత పని చేసిండు. వాళ్లకు కావలసిన చిక్కు ఇదేనట. మనిషికి తెలుసు, కాని ఎట్ల తెలుసో చెప్పనీకె రాదు. అది గది నేర్చుకోవాలె. లేచినోళ్లల్ల ఎవరు మళ్ల కూచున్నరు, ఎవరు పోయిన్రు అని చూసుకుంట మిషన్ రోజూ నేర్చుకున్నది. కొన్ని రోజులకు నిజంగ పోయేటోళ్లకే పంఖా ఆగుడు మొదలైంది. నేను పట్టలేక వచ్చిన ప్రతి గిరాకీకి చెప్పిన: "మళ్ల కూచుంటరో లేదో మా పంఖాకు తెలుసు!" దుకాణందారు బిడ్డను. నోరు మూసుకోవాలన్న బుద్ధి మాత్రం లేదు. ఆ మాట బామ్ని దాక పోయింది.

ఆ బామ్ని ఇంటి పెద్దమ్మ రానే వచ్చింది, పెండ్లిపిల్లను, మరదండ్లను వెంటబెట్టుకొని. పీహెచ్‌డీ పిల్ల మూలకు ల్యాప్‌టాప్ పట్టుకొని కూచున్నది. చీరలు గుట్ట అయినయి. నేను ధర చెప్పిన.

"ఏందమ్మా సేఠానీ, చీరలతోటి దుకాణం కూడా ఇస్తున్నవా?" అని పెద్దమ్మ లేచింది. చెప్పులేసుకున్నది. మెట్టు మీద ఆగి పైకి చూసింది.

పంఖా తిరుగుతనే ఉన్నది.

"చూసిన్రా! నేను పోనని దానికి తెలుసు. ఎందుకు పోనంటవ్ సేఠానీ? నువ్వు తగ్గిస్తవ్ గనుక."

మూలకున్న పిల్ల సంతోషం పట్టలేక అరిచింది: "అవునక్కా! అది పెద్దమ్మను చూస్తలేదు, నిన్ను చూస్తున్నది! తగ్గించనప్పుడు నువ్వు చీరలు మడతపెడుతవ్. తగ్గించేటప్పుడు చేతులు కదలవ్!"

దబదబా చీరలు మడతపెట్టిన. మరదండ్లు నవ్వు ఆపుకోలేకపోయిన్రు. పంఖా నమ్మలే.

నా చెయ్యి స్విచ్ దాక పోయింది. పిల్ల ముఖం తెల్లబోయింది. పెద్దమ్మ ఎదురుంగ ఉన్న షోరూం దిక్కు చూసింది. బంద్ చేస్తే ఈ పిల్ల చదువు పోతది, తిరగనిస్తే నా బేరం పోతది. చెయ్యి వెనకకు తీసిన.

"కూచో పెద్దమ్మా. కొన్న ధర నుంచి చెప్త."

బాపు చెవులు మూసుకున్నడు. నేను బిల్లు రాసిన: సూరత్‌ల కొన్న ధర, దాని మీద లారీ కిరాయి, దాని మీద నూటికి పది మా మిగులు. ముందుగాల మనసుల పెట్టుకున్నది నూటికి ఇరవై అయిదు. పెద్దమ్మ మారుమాట లేకుండ కట్టి, మగపెండ్లోళ్ల బట్టలు కూడా రాయమన్నది. సీజన్ అయినంక కూచొని లెక్క చూసిన: కరెంటు బిల్లు తగ్గింది, గిరాకీ పెరిగింది, పంఖాలు నావైనయి. అన్నీ కలిపినా, బేరంల పోయినదానికి, వదులుకున్న కిరాయికి సరిపోలే. నష్టమే.