శిరివెళ్ల మఠంలో కనిపించని శాసనం

శిరివెళ్ల అవతల పొలాల్లో పాడుబడిన శైవమఠాన్ని బాగుచేయడానికని, నంద్యాలలో బట్టల కొట్టు నడిపే మా నాయన నిరుడు చందా ఇచ్చాడు. ఇప్పుడు మోకాళ్లు సహకరించక, చూసి ఫోటోలు తీసుకురమ్మని నన్ను పంపాడు. బాటసారులకు అన్నం పెట్టడానికి ఎవరో పొలం రాసిచ్చిన శాసనం అక్కడుందట. చిన్నప్పుడు ఆ అక్షరాలు వేలితో తడిమాడట. దాని ఫోటో మాత్రం మరవొద్దన్నాడు.

ఏడింటికి ఆళ్లగడ్డ బస్సెక్కితే ఎనిమిదిలోపే శిరివెళ్లలో దిగాను. అక్కడి నుంచి ఆటో, రానూపోనూ మూడు వందలు. మఠం విజయనగర కాలం కంటే పాతదంటారు. మధ్యలో స్తంభాల మండపం, మూడు వైపులా వంగి దూరాల్సిన సన్యాసుల గదులు, వెనక పొగచూరిన వంటశాల. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన ఆ గోడలకు బాత్రూం టైల్స్ అంటించారు. స్తంభాలకు పచ్చ రంగు పూశారు. ఒళ్లు మండిపోయింది. ఒక మూల గుప్తనిధుల కోసం తవ్విన గుంతలున్నాయి. ఆ దొంగలే నయం, కనీసం రంగులేయలేదు.

శాసనం ఎంత వెతికినా కనబడలేదు. నాయన చెప్పిన చోట, వాకిలి పక్క గోడలో, దాతల పేర్లు చెక్కిన రాయి ఉంది. మొదటి పేరు మా నాయనదే. పేర్లు చెక్కింది ఆళ్లగడ్డ శిల్పి అని ఆటో అతను చెప్పాడు. "ఆయప్పనే అడుగు పో అక్కా" అన్నాడు.

మళ్లీ బస్సు, అరగంటలో ఆళ్లగడ్డ. కూర్చోమన్నా కూర్చోకుండా ఆ ముసలి శిల్పిని దులిపేశాను. ఆయన ఉలి పక్కన పెట్టి అంతా విన్నాడు. కొత్త రాయి ఎందుకు దండగ, పాత అక్షరాలు చెక్కి తీసేసి దాతల పేర్లు రాయమన్నారట, మఠం బాగుచేయించిన ఊరి పెద్దమనుషులు.

"అచ్చరాలు నేను చెరపలేదమ్మా. రాయి తిప్పి ఈ పక్క పేర్లు చెక్కినా. సిమెంటు తగలకుండా వెనక ఇసుక పోయించినా. లోపల బాగుండాయి."

తిరిగి బయటికి తిప్పగలవా అని అడిగాను.

"ఒక్క పూట పని. మొదటి పేరు ఆయనదే గదా, మీ నాయనను ఒప్పుకోమను."

అక్కడి నుంచే ఫోన్ చేసి, శాసనం కనపడాలంటే నీ పేరు గోడలోపలికి పోవాలని నాయనకు చెప్పాను. చుట్టాలందరికీ ఆ పేరు చూపిస్తానని చెప్పుకున్నాడట. రెండు రోజులు ఆలోచిస్తానన్నాడు. ఈ రోజుకు పదకొండో రోజు.

ఊరి పెద్దలను తిట్టడం నాకు సులువుగానే వచ్చింది. ఇంట్లో మాత్రం ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటున్నాం, ఆ మాట ఎత్తితే నాయన లేచి వెళ్లిపోతున్నాడు. పొలం రాసిచ్చిన మనిషి వచ్చేపోయేవాళ్ల ఆకలి చూశాడు, మేము మా పేరు చూసుకున్నాం. నాకు సిగ్గుగా ఉంది, అంతకంటే కోపంగా ఉంది.

మీరు వెళ్తే తిండీ నీళ్లూ వెంట తీసుకెళ్లండి. బాటసారులకు అన్నం పెట్టిన మఠంలో ఇప్పుడు తాగడానికి గుక్కెడు నీళ్లు లేవు.