పెళ్లిని ఆపిన గోరుగల్లు

నా చిన్నప్పుడు, శింగనమల దగ్గరి మా ఊళ్లో ఒక పెళ్లి ఉదయం. పందిట్లో ఉన్నవి, ఉన్నవాళ్లు ఇప్పటికీ వరుసగా చెప్పగలను: పీట, చెంబుడు పాలు, పీట మీద పెళ్లికొడుకు, అతని మేనమామ, నా తరగతిలోనే చదివే అతని తమ్ముడు, పనిముట్ల పొది విప్పుతున్న మా తాతయ్య, ఆయన పక్కన నేను. పొదిలో గోరుగల్లు మాత్రం లేదు. గోళ్లు తీసే ఆ చిన్న ఇనుప పనిముట్టు నా నిక్కరు జేబులో ఉంది.

ముందురోజు బడిలో ఆ తమ్ముడు నన్ను "ఒరే మంగలోడా" అని పిలిచి అందరినీ నవ్వించాడు. వాళ్లింట్లో మా తాతయ్య ఒంగి కాళ్లగోళ్లు తీయకూడదనుకున్నాను. పొద్దున్నే దాన్ని దాచేశాను.

తాతయ్య పొదిని రెండుసార్లు వెతికాడు. గోళ్లు తీస్తేగాని పెళ్లికొడుకుకు స్నానం లేదు. మేనమామకు విసుగొచ్చింది.

"ఏమప్పా, కత్తి తెస్తివి, అద్దం తెస్తివి, గోరుగల్లు యాడ పెడితివి? పెండ్లి నీకా, మావోనికా?"

అందరూ నవ్వారు. తాతయ్య నా వైపు చూశాడు. నా చెయ్యి జేబు మీదే ఉంది.

"ముసలోన్ని అయితినప్పా, ఇంట్లో మర్సి వచ్చినా. రేయ్, ఉరికిపోయి ఎత్తుకరాపో" అన్నాడు.

నేను ఇంటిదాకా పోలేదు. గోడ చాటున ఏడ్చి, మొహం తుడుచుకుని తిరిగొచ్చి గోరుగల్లు తాతయ్య చేతిలో పెట్టాను. ఆయన గోళ్లు తీశాడు, తర్వాత సన్నాయి అందుకున్నాడు.

ఇంటికొచ్చే దారిలో కూడా తిట్టలేదు.

"మంగళం అనే మాటలోంచే మన పేరు వచ్చిండాదని మా నాయన చెప్తాన్న్యాడు. అవునో కాదో సదువుకున్నోళ్లు తేల్చుకోనీ. నువ్వు ఈ పొద్దు కండ్లారా చూస్తివి గదరా, మన చెయ్యి పడేదాకా ఆ పెండ్లి కదల్లేదు."

పెద్దయ్యాక ఆ మాట పుట్టుక కోసం పుస్తకాలు వెతికాను. కొందరు మంగళమే మూలమన్నారు, కొందరు ఒప్పుకోలేదు. నాకది తేలకపోయినా పర్లేదు. ఇప్పుడు నన్నెవరైనా కులం అడిగితే గొంతు తగ్గించను. నేను పనిచేసే వర్క్‌షాపులో నా కింది కుర్రాడు తప్పు చేస్తే నలుగురిలో వాడి పేరు చెప్పను. రెండూ ఆ ఉదయం తాతయ్య ఇచ్చినవే.

గోరుగల్లు నా దగ్గరే ఉంది. మొన్న వెర్నియర్‌తో కొలిచాను. పొడవు తొంభై రెండు మిల్లీమీటర్లు.