డోసితేయు దాచుకున్న పొగడ్త

కైసరయలో గొంతు అమ్ముకుని బతికినవాళ్ళకు కొదవ లేదు. డోసితేయులా దర్జాగా బతికినవాణ్ణి మాత్రం నేను ఇంకొకణ్ణి చూడలేదు. పోయిన చలికాలంలో ఆయన కన్నుమూశాక రేవులో ఎవరిని కదిపినా ఆయన పొగడ్తల గురించే చెప్పారు. ఏ అధిపతిని ఎంతసేపు పొగిడాడో, ఏ పొగడ్తకు ఎవరి కళ్ళు చెమర్చాయో, అవే కబుర్లు. నాకు ఒళ్ళు మండింది. ఆయన చేసిన అన్ని పొగడ్తల్లోకీ పొట్టిది మేము వలలు ఆరేసుకునే గట్టు కోసం చేసింది. దాని ముందు మిగతావన్నీ దిగదుడుపే.

ఆయన తండ్రి వీధుల వెంట ఉప్పు అమ్మేవాడు. ఇంటింటికీ వినపడేలా కేకవేసే ఆ గొంతే కొడుక్కి ఆస్తి అయింది. దాన్ని పట్టుకుని కుర్రవాడు గాజా వెళ్ళి, ఒక గురువు గుర్రపుశాలలో పడుకుని, పేడ ఎత్తి, గ్రీకులో వాదించడం నేర్చుకున్నాడు. తిరిగొచ్చి రేవు స్తంభాల నీడలో ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. సముద్రం అవతలి నుంచి వచ్చే అధిపతి ముందు మన అరామిక్ చెల్లదు కదా. మన గోడు వాళ్ళ భాషలో, వాళ్ళకు నచ్చే వరసలో చెప్పేవాడు కావాలి. యెరూషలేము పెద్దలంతటివాళ్ళే వ్యాజ్యం వస్తే వక్తను కుదుర్చుకుని వెంట తెచ్చుకునేవాళ్ళు. ఇక చేపలు పట్టుకునేవాళ్ళ మాట చెప్పాలా?

వాదన ఉందంటే ముందురోజంతా ఆయన నోరు విప్పేవాడు కాదు. నూనెలో తడిపిన ఉల్లికాడలు నములుతూ చేతులతో సైగలు చేసేవాడు. ఏడాదికి పది వ్యాజ్యాలొస్తే పది రోజులు ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని ఆయన భార్య అందరికీ చెప్పుకునేది. ఎవరైనా దగ్గరికొస్తే ఆయన మొదట అనే మాట ఒకటే.

"ప్రవక్తకు మాట దేవుడిస్తాడు. నాకు మీరివ్వాలి. దాచకుండా చెప్పండి."

మేమూ అలాగే చెప్పుకున్నాం. దక్షిణపు గట్టు మీద మా మామ మెనహేము, ఆయన తండ్రి, తాతా వలలు ఆరేసినవాళ్ళే. నేను కోడలిగా వచ్చింది మొదలు వలల తాళ్ళు కట్టే రాతి స్తంభాల మధ్యే కూర్చుని చిరుగులు కుడుతున్నాను. గ్లౌకోను అనే గిడ్డంగులవాడు ఆ గట్టు పక్కన గోడ లేపి, స్తంభాలు కూడా తన హద్దులోవేనని, ఆ గోడ మా స్తంభాలకంటే పాతదని అధిపతి దగ్గర ఫిర్యాదు పెట్టాడు. అతను గెలిస్తే మర్నాడే స్తంభాలు పీకేస్తాడు. నారవల తడి ఆరకపోతే కుళ్ళిపోతుంది. వల కుళ్ళితే మా వాడలో పొయ్యి వెలగదు. అంతకుమించి చెప్పడానికేం లేదు.

అదే సమయానికి పాత అధిపతి వెళ్ళి కొత్తాయన ఓడ దిగాడు. గ్లౌకోను బేరూతు నుంచి ఒక పేరుమోసిన వక్తను దింపాడని తెలిసి మా మామకు గుండె జారిపోయింది. ఆయనకు గ్రీకు ఒక్క ముక్క రాదు, కానీ అధిపతిని పొగడందే వాదన మొదలు కాదన్న సంగతి తెలుసు. ఎవరి పొగడ్త పొడుగైతే వాళ్ళదే గెలుపని వాడంతా నమ్మేది. అందుకని ఒప్పందం అక్కడే బిగించాడు.

"వాళ్ళ వక్త ఎంత పొగిడితే మీరు దానికి రెండింతలు పొగడాలయ్యా. తక్కువైతే ఒప్పుకోను."

"రెండింతలెందుకు, మూడింతలు పొగుడుతాను. మా నాన్న ఉప్పు కూడా కొసరేసే అమ్మేవాడు," అన్నాడు డోసితేయు.

ఆయన పొగడ్త సిద్ధం చేశాడు. మా గట్టు మీదే నిలబడి దాన్ని వల్లించాడు. దేశంలో శాంతి, దారుల్లో దొంగల పీడ పోవడం, కాలువ నీళ్ళు, అన్నీ ఉన్నాయి. నేను రేవులో బేరాలాడి ఆడి గ్రీకు పట్టినదాన్ని, అర్థమై ఒళ్ళు పులకరించింది. ఆ దొంగల్ని అణచింది పాతాయన కదా అన్న ఆలోచన నాకూ రాలేదు, ఆయనకూ రాలేదు. ఏ అధిపతి వచ్చినా అదే పొగడ్త, పేరొక్కటే మారేది. అది మా ఊరి అలవాటు.

వాదన రోజున అధిపతి మందిరం నిండిపోయింది. స్తంభాల వెనక ఆడవాళ్ళలో నేను, నా ముందు మామ. ఫిర్యాదు గ్లౌకోనుది కాబట్టి బేరూతు వక్త ముందు లేచాడు. చిల్లు కుండలోంచి నీళ్ళు జారడం మొదలైంది. నీళ్ళయ్యేదాకానే మాట్లాడాలి. మనిషి నిజంగానే దిట్ట, గొంతు గోడలకు తగిలి వెనక్కి వస్తోంది. ఇన్నేళ్ళుగా తమ చల్లని నీడలో ఉన్నామన్నాడు. తమరు తవ్వించిన కాలువ నీళ్ళే తాగుతున్నామన్నాడు. తమరు దొంగల్ని తుడిచిపెట్టారన్నాడు. పాపం, కొత్తాయనకు ఓడ కుదుపులకు పాడైన కడుపే ఇంకా కుదుటపడలేదు, ముఖం పాలిపోయి ఉంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుక్కి పేరు మాత్రం పెట్టేశారన్నట్టుంది. అధిపతి తన చెప్పు వారు కేసి చూస్తూ కూర్చున్నాడు. ఆ వక్త గోడ సంగతికొచ్చేసరికి కుండలో నీళ్ళు అడుగంటాయి. గోడే పాతదని రెండు ముక్కలు గబగబా అనేసి కూర్చున్నాడు.

డోసితేయు లేచాడు. ఆయన చూపు అధిపతి చెప్పు మీద ఉండడం నేను గమనించాను. కుండ మళ్ళీ నింపారు. ఆయన కాసేపు ఊరకే నిలబడ్డాడు, నీళ్ళు వృథాగా కారిపోతున్నాయి. నేర్చుకున్నదంతా మరిచిపోయాడనే అనుకున్నాను.

"మహాఘనత వహించిన ఏలికా," అన్నాడు చివరికి, మామూలు గొంతుతో. "తమరు వచ్చి నిండా వారం కాలేదు. తమరిని పొగడడానికి నా దగ్గర ఇంకా ఏమీ లేదు. ఆ పొగడ్త బాకీ ఉంచుకుంటున్నాను. ఈ పూట తీర్పుతో తమరే నాకు దాన్ని ఇప్పించండి."

అధిపతి తల ఎత్తాడు.

మామ నా వైపు తిరిగి, పొగుడుతున్నాడా అని గుసగుసగా అడిగాడు. పొగుడుతున్నాడు మామా అన్నాను. ఇంకేం చెప్పను? నిజం చెబితే అక్కడే కూలబడేవాడు.

డోసితేయు సూటిగా విషయానికొచ్చేశాడు. రాతి స్తంభాలకు తాళ్ళు ఒరుసుకుని పడిన గాడిలో తన బొటనవేలు మొత్తం దూరుతుందన్నాడు. గ్లౌకోను గోడ సున్నం మాత్రం ఇప్పటికీ వేలికి అంటుతోందన్నాడు. రెంటిలో ఏది పాతదో చెప్పడానికి గ్రీకు అక్కర్లేదు, వక్త అంతకన్నా అక్కర్లేదు, ఒక వేలు చాలు, తమ బంటును పంపించండి అన్నాడు. కుండలో సగం నీళ్ళుండగానే కూర్చున్నాడు. నీళ్ళు మిగిల్చి కూర్చున్న వక్తను కైసరయ చూడడం అదే మొదటిసారి.

గట్టు ఆ మందిరం పక్కనే. బంటు వెళ్ళి వచ్చి రెండు బొటనవేళ్ళు చాపాడు. ఒకదానికి రాతి దుమ్ము. రెండోది తెల్లగా సున్నంతో ఉంది. గ్లౌకోను నోరు తెరిచాడు కానీ అతని మోకాలు మీద వక్త చెయ్యివేసి ఆపాడు. పండితుడు కదా, ఎప్పుడు ఊరుకోవాలో తెలుసు.

గట్టు మాదేనని, ఒక్క స్తంభం కదలకూడదని తీర్పొచ్చింది. నాకు ఏడుపొచ్చేసింది, ఆపుకోలేదు కూడా. జనం లేవబోతుంటే అధిపతి చెయ్యెత్తి ఆపాడు.

"నాకేదో బాకీ ఉన్నావు," అన్నాడు డోసితేయుతో.

ఆయన లేచి పైబట్ట సర్దుకున్నాడు. మళ్ళీ ఆ మామూలు గొంతే.

"తమ ఏలుబడిలో, ఈ సాయంత్రం మా వలలు ఆరతాయి."

అధిపతి ఇంకా వస్తుందేమోనని చూశాడు. డోసితేయు కూర్చున్నాడు.

మా మామ నా భుజం పట్టుకుని కుదిపేశాడు. ఏమన్నాడు, ఎంత పొగిడాడు, వాళ్ళకంటే రెండింతలైనా అయిందా అని ఒకటే ఆరా. దాచడానికి మనసొప్పలేదు. డోసితేయు అన్నది అన్నట్టే మన మాటలో చెప్పాను. మామ ఆ మాట పెదాల మీద రెండుసార్లు తిప్పుకున్నాడు. ఒప్పందం తప్పాడని గొడవకు దిగుతాడనుకున్నాను.

"ఇంకేం కావాలి," అన్నాడు. "పదమ్మా, వలలు తడిగా ఉన్నాయి."