పాదం మోపే ముందు

ఈ ఉదయం మసాజ్ నూనె సీసా మూత తీయగానే కర్పూరం, పుదీనా కలిసిన ఘాటు గదంతా పరుచుకుంది. ఆ వాసన తగిలితే నాకు ముందు గుర్తొచ్చేది లిన్ ఆంటీయే. ఫ్రిస్కోలో ఆవిడ నడిపిన చిన్న మసాజ్ సెంటర్‌లోనే చైనావాళ్ళ ఆక్యుప్రెషర్, మర్దన నేర్చుకున్నాను. ఆవిడ నా భుజం దాకా వచ్చేవారు. మాట తక్కువ, చెయ్యి బరువు. ఒళ్ళు ఎక్కడ బిగిసిందో వేలితో వెతికి పట్టుకుని, అది సడలేదాకా వేలు కదపొద్దనేవారు.

కొన్నాళ్ళకి నొక్కి నొక్కి నా బొటనవేళ్ళు మొరాయించాయి. కాఫీ కప్పు ఎత్తాలన్నా ప్రాణం పోయేది. ఇష్టపడి నేర్చుకున్న పని వదులుకోవాల్సిందేనా అని బెంగ పట్టుకుంది. ఆంటీ ఒకటే దారి చూపించారు: పైకప్పుకి బిగించిన కర్రలు పట్టుకుని, బరువు చేతుల మీద ఆపుకుంటూ, పాదాలతో వీపు నొక్కడం. చెప్పడానికేం, సులువే. కానీ బుద్ధెరిగినప్పటి నుంచీ ఎవరికి కాలు తగిలినా తాకి కళ్ళకద్దుకున్నదాన్ని నేను. పైగా సాధన కోసం బల్ల మీద బోర్లా పడుకున్నది ఆంటీయే. పని నేర్పిన మనిషి వీపు మీద కాలు పెట్టడమా? పాదం ఆనీ ఆనకముందే వంగి, ఆవిడ వీపు తాకి కళ్ళకద్దుకున్నాను. మళ్ళీ పాదం, మళ్ళీ వంగడం. అలా ఎంతసేపు చేశానో.

చివరికి ఆవిడ తల తిప్పి, ఎందుకలా వంగుతున్నావని అడిగారు. కాలు తగలడం మాకు తప్పనీ, అది క్షమాపణనీ చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

"అయితే ఆ క్షమాపణేదో ముందే అడిగెయ్. తర్వాత నిదానంగా ఎక్కు. భయపడే పాదమే నొప్పి పెడుతుంది."

తాకాను, కళ్ళకద్దుకున్నాను, ఎక్కాను. నా పాదం కింద ఆవిడ వీపు మెల్లగా వదులైంది. కాసేపటికి గురక వినిపించింది. ఇక ఈ పని నాదే అన్న నిశ్చింతకి ఏడుపొచ్చేసింది. రెండు చేతులూ కర్రల మీద ఉన్నాయి, తుడుచుకునే వీలు కూడా లేదు.

తర్వాత ఆంటీ సెంటర్ మూసేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. పోయిన ఏడాది నన్ను చూడటానికి నా మసాజ్ గదికి వచ్చి, నా బల్ల మీదే పడుకున్నారు. ఆ సంబరంలో నేను గబగబా బల్లెక్కి కర్రలందుకున్నాను. వీపు బిగబట్టుకుని ఆవిడ ఎదురుచూస్తున్నారు.

"ఇంకా అడగలేదు నువ్వు," అన్నారు.

దిగి, తాకి, కళ్ళకద్దుకున్నాను. అప్పుడు గానీ ఆ వీపు సడలలేదు. ఈ ఉదయం వచ్చిన ట్రక్ డ్రైవర్‌కి ఈ సంగతులేవీ తెలియవు. అయినా నూనె రాసి, ముందు అతని వీపుని అడిగాను. ఆ తర్వాతే ఎక్కాను.