గుట్ట కింద ఉన్నది, సూదిలో లేదు

రెండేళ్ల కిందటి మాట. హాలియా దగ్గర గొర్రెలు కాసే మా బాపుకు క్యాన్సర్ ఎముకలకు పాకిందేమో తేల్చే స్కాను కోసం హైదరాబాద్ వెళ్లాం. రెండోసారి వెళ్లినా దవాఖాన ఉద్యోగి మొదటిసారి చెప్పిన మాటే చెప్పాడు.

"స్కానుకు ముందిచ్చే ఇంజక్షన్ రాలేదు. దాన్ని తయారుచేసే విదేశీ రియాక్టర్ యురేనియం ఇంధనం అందక ఆగిపోయింది."

బాపు లేచి నిలబడ్డాడు.

"గదే యురేనియం ఉన్నదని సర్కారోళ్లు మా గుట్ట నిండ బోర్లు ఏసిండ్రు. గొర్లను అటు తోలొద్దన్నరు. గీడికొస్తే గదే లేదంటున్నరు. ఉన్నా మాకే తిప్పలు, లేకున్నా మాకేనా సారూ?"

నేను సర్దిచెప్పబోయాను. "ఆ రాయిని శుద్ధి చేసి ఇంధనం చెయ్యాలె బాపూ. గడ్డి చూపెట్టి పాలు తాగుమంటే ఎట్ల?"

"ఆ గడ్డి గుడ మేయనిస్తలేరు కదరా."



మూడోసారి ఇంజక్షన్ దొరికింది. దాని రేడియేషన్ కొంతసేపు ఒంట్లో ఉంటుంది కాబట్టి సాయంత్రం దాకా చిన్నపిల్లలను ఎత్తుకోవద్దని ఉద్యోగి చెప్పాడు.

"గొర్రెపిల్లలను?" అడిగాడు బాపు.

ఉద్యోగి "వాటిని కూడా వద్దులే" అన్నాడు.

బాపు నావైపు తిరిగాడు. "సూస్తివా, మళ్ల గొర్ల కాడికే వచ్చిండ్రు."

ఎముకల్లో ఏమీ లేదని మర్నాడు తేలింది. బాపు కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. తగ్గాలని నేనూ కోరుకోవడం లేదు.