చేపలు లేని తొట్టి

ఐసు ఫ్యాక్టరీ హాజరు పుస్తకంలో వరహాలు తోటమాలి. ఆ ఫ్యాక్టరీలో తోట లేదు. గేటు పక్కన ఒక కానుగ మొక్క ఉండేది, దాన్ని కూడా లారీ తొక్కేసింది. వరహాలు పదకొండేళ్లుగా పనిచేస్తున్నది మిషను గదిలో. తలమీద నీళ్లని ఐసు చేసే అమ్మోనియా గ్యాసు గొట్టాలు, కాళ్లకింద నూనె జిడ్డు, చెవుల్లో కంప్రెసర్ల హోరు. మిషను గది మనిషి అని రాస్తే ముఖానికి మాస్కు ఇవ్వాలి, ఏడాదికోసారి డాక్టరు చేత ఊపిరి పరీక్ష చేయించాలి. తోటమాలి అని రాస్తే ఏమీ అక్కర్లేదు. ఈ సంగతి వరహాలుకి తెలుసు. అయినా ఒక్కనాడూ అడగలేదు. వేలిముద్ర వేయమన్నచోట వేసి లోపలికి పోయేవాడు.

అతను భయస్తుడు. ఆ మాట అతనే చెప్పుకునేవాడు.

"నాకు పామంటే బయం నేదు, పోలీసంటే బయం నేదు. బుస్సుమని సప్పుడొత్తే మాత్రం కాళ్లు సల్లబడిపోతాయి."

గోపాలపట్నంలోని రెండు గదుల ఇంట్లో భార్య పైడితల్లి కిరసనాయిలు స్టవ్వుకి పంపు కొట్టగానే లేచి వీధిలోకి వెళ్లి నిలబడేవాడు. మంట సర్దుకున్నాకే లోపలికి వచ్చేవాడు. "మా ఇంటాయనకి టీ కావాల, టీ కాసే సప్పుడొద్దు" అని పైడితల్లి పక్కింటివాళ్లతో చెప్పి నవ్వేది. నవ్వేదే కానీ, అతను డ్యూటీ నుంచి తిరిగి వచ్చేదాకా ఆమె కూడా సరిగా అన్నం తినేది కాదు.

ఆ భయం ఊరికే పట్టుకున్నది కాదు. పైడితల్లి అన్న ఎల్లారావు అదే గదిలో వరహాలుకి జోడీ. 1979లో ఒక వాల్వు దగ్గర గ్యాసు తన్నుకొచ్చి ఎల్లారావు ముఖాన కొట్టింది. వరహాలు బావని మెడపట్టి కుళాయి కిందికి ఈడ్చుకెళ్లి, అతను గింజుకుంటున్నా వదలకుండా పావుగంట కళ్లలో నీళ్లు కొట్టాడు. ఒక కన్ను దక్కింది. రెండోది పాలరంగు తిరిగింది. నెల తిరక్కుండా ఎల్లారావు మళ్లీ అదే గదిలో పనికి వచ్చాడు. ఎక్కడికి పోతాడు?

1983 ఆగస్టులో మేనేజరు భీమశంకరరావు తన గదిలో నాలుగడుగుల గాజు తొట్టి పెట్టించాడు. గోదావరి జిల్లా నుంచి పోర్టు పనికని వచ్చి ఐసు వ్యాపారంలో స్థిరపడ్డ మనిషి. రొయ్యలు కొని ఐసులో పెట్టి పంపే పెద్ద కంపెనీ వాళ్లు దీపావళికి ఫ్యాక్టరీ చూడటానికి వస్తున్నారు. గదిలో రంగు చేపలు తిరుగుతుంటే దర్జాగా ఉంటుందని ఆయన ఆలోచన. మద్రాసు నుంచి బంగారు చేపలు రైల్లో వచ్చాయి. తొట్టి చూసుకునే పని వరహాలు మీద పడింది. నీళ్లలోకి గాలి కొట్టే చిన్న మోటారు రొద చేస్తోందని మేనేజరు విసుక్కుంటే, దాన్ని గోడకు అటువైపు మిషను గదిలో అరమీద పెట్టి, రబ్బరు గొట్టాన్ని గోడ కన్నంలోంచి తొట్టిలోకి లాగారు. ఆ హోరులో దాని చప్పుడు ఎవరికి వినపడుతుంది?

చేపలు నాలుగోరోజున చచ్చాయి. ఐసు డబ్బాలు కడిగే అలవాటు కొద్దీ వరహాలు తొట్టినీ, అడుగున పోసిన రాళ్లనూ బ్లీచింగు పౌడరుతో మెరిసేలా తోమాడు. రెండో విడత చేపలు ఐదోరోజున చచ్చాయి. మళ్లీ తోమాడు, ఇంకాస్త గట్టిగా.

"నీ చేతులకున్న గ్యాసు కంపుకే చచ్చాయిరా" అన్నాడు భీమశంకరరావు. "దీపావళికి ఈ తొట్టిలో చేపలు తిరగాలి. లేదంటే మర్నాటి నుంచి నువ్వు గేటు లోపల తిరగక్కర్లేదు."

వరహాలు తలూపాడు. ఆ రోజు నుంచి అతనికి మిషనుతో పాటు ఈ గాజుపెట్టె కూడా భయమైంది.

శనివారాలు అతను బీచి వైపున్న ఒక చేపల పరిశోధనశాలకి ఐసు దించి వచ్చేవాడు. అక్కడ సహాయకురాలు తాయారు ఐసు కొలిపించుకుని చీటీ మీద సంతకం పెట్టేది. ఆ శనివారం వరహాలు చీటీ చేతిలో పట్టుకుని కదల్లేదు.

"ఏమైంది వరహాలూ, ఇంకా నిలబడ్డావు?"

"అమ్మా, మీకాడ తొట్టిల్లో సేపలు సావట్లేదు. నాకాడే సత్తన్నాయి. నా సేతిలోనే ఏటో ఉందంట."

తాయారు అంతా విని నవ్వలేదు. "నీ చేతిలో కాదు, నీ శుభ్రంలో ఉంది. చేప తిన్నాక విసర్జించేది ఏమిటో తెలుసా? మీ మిషన్లో తిరిగేదే. అమ్మోనియా."

వరహాలు ఒక అడుగు వెనక్కి వేశాడు. "సేప కడుపులోనా?"

"నీళ్లలో దాన్ని తినే జీవులు కొన్ని ఉంటాయి. కంటికి కనపడవు. రాళ్లకి అంటుకుని బతుకుతాయి. కొత్త తొట్టిలో అవి ఉండవు. పుట్టేలోపే నువ్వు బ్లీచింగు కొట్టి చంపేస్తున్నావు. చేప తన విషంలో తనే పోతోంది."

"అయితే ఏటి సెయ్యాల?"

"చేపల్లేకుండా తొట్టి పెట్టు. రోజూ కొన్ని చుక్కలు అమ్మోనియా వెయ్యి. వాటికి అదే తిండి."

"నానా? నా సేత్తో నానే గ్యాసు ఎయ్యాలా?" వరహాలు గొణిగాడు. "అది కావాలంటే మాకాడ బకెట్లకి బకెట్లు ఉంటాదమ్మా. మిషన్లో గాలి సేరినప్పుడు గొట్టం నీళ్లలో ముంచి, గ్యాసుతోపాటు ఆ గాలి వదుల్తాం. ఆ నీళ్లు ముక్కు కాడికి రానీవు."

"అది వద్దు. అందులో మిషను నూనె కలుస్తుంది."

ఆమె తన దగ్గరున్న పలచటి అమ్మోనియా ద్రావణం చిన్న సీసాలో పోసి ఇచ్చింది. తమ పాత తొట్టి అడుగు నుంచి గుప్పెడు రాళ్లు తడిగుడ్డలో కట్టి ఇచ్చింది. రెండు గాజు గొట్టాలు, రెండు రకాల మందునీళ్లు. తొట్టి నీళ్లు కాస్త తీసి మొదటి మందు కలిపితే పసుపు వచ్చిందంటే అమ్మోనియా ఉన్నట్టు. రెండో మందుకి గులాబీ రంగు వస్తే, అమ్మోనియా విరిగి ఇంకో విషం అయినట్టు. రెండూ తెల్లగా ఉన్ననాడు చేపల్ని వదలొచ్చు. వరహాలుకి చదువు రాదు కనుక అట్టముక్క మీద రంగులు పూసి ఇచ్చింది. "మందునీళ్లు ఒంటికి తగలనివ్వకు, అదీ విషమే" అని రెండుసార్లు చెప్పింది.

ఇంటికి రాగానే పైడితల్లి సీసా చూసి మొహం ముడుచుకుంది. "సాలదా అక్కడ పీల్సింది? ఇంటిక్కూడా మోసుకొచ్చినావా?"

"సేపల కోసమే."

"సేపలకి నువ్వు పనోడివి, నీకెవుడు పనోడు?" అని ఆ సీసాని బయట గోడమీద పెట్టించింది.

వరహాలు ఆ పాత రాళ్లు ఫ్యాక్టరీ తొట్టి అడుగున పరిచాడు. ఊపిరి బిగబట్టి, ముఖం పక్కకి తిప్పుకుని, రోజూ పొద్దున్నే అందులో చుక్కలు వేసేవాడు. కుళాయి నీళ్లు, వాటిలోని క్లోరిన్ పోయేలా, ఒకరోజు డ్రమ్ములో నిలవ ఉంచాకే తొట్టిలో కలిపేవాడు. ఖాళీ తొట్టి ముందు కూర్చుని గాజు గొట్టం వెలుతురుకి పట్టి చూసే వరహాలుని చూసి ఎల్లారావు వేళాకోళమాడేవాడు. "ఏటి బావా, నీళ్లకి పాలిత్తన్నావా?"

మొదటి వారమంతా పసుపే. రెండో వారం పసుపు పలచబడి గులాబీ వచ్చింది. వరహాలు హడలిపోయి తాయారు దగ్గరికి పరుగెత్తాడు. "వచ్చిందా? మంచిదే, ఆగకు" అంది. నాలుగో వారం నాటికి పొద్దున వేసిన చుక్కలు మర్నాడు పొద్దుటికి మాయమైపోతున్నాయి. మూడు రోజులు వరసగా రెండు గొట్టాలూ తెల్లగా ఉన్నాయి. పదకొండేళ్లుగా తను పరుగెత్తి పారిపోవాలనుకున్న దాన్ని, కంటికి కనపడని జీవులేవో తిని అరిగించుకుంటున్నాయి. వరహాలుకి అది ఎంత వింతగా తోచిందో, పైడితల్లికి మూడుసార్లు చెప్పాడు.

"ఇక ఒకరోజు చుక్కలు ఆపు. మర్నాడు కూడా తెల్లగా ఉంటే చేపలు తెప్పించమను" అంది తాయారు.

ఆపాడు. మర్నాడు పసుపు వచ్చింది.

ఆ మర్నాడు ఇంకా చిక్కటి పసుపు.

"నువ్వు వేశావు" అంది తాయారు.

"మా పిల్లల మీద ఒట్టు, ఒక్క సుక్క ఎయ్యలేదమ్మా."

ఆమె అతని ముఖంలోకి చూసి అడిగింది. "గాలి మోటారు ఎక్కడ పెట్టారు?"

వరహాలు చెప్పాడు.

"మిషను గదిలో వాసన రావడం లేదా మీకు?"

"వాసనేటమ్మా. ఆదివారం సెలవు పుచ్చుకుని సోమారం ఎల్తే గుమ్మంలో ఒక్క పాలి కొడతాది. ఆ తరవాత ఉండదు."

"పోయేది వాసన కాదు. మీ ముక్కు."

ఒక సీసాడు శుద్ధమైన నీళ్లు ఇచ్చి, మోటారు గొట్టాన్ని ఒక షిఫ్టు పాటు అందులో పెట్టమంది. వరహాలు అలాగే పెట్టాడు. సాయంత్రం మందు కలిపితే ఆ నీళ్లు పసుపు దాటి గోధుమరంగులోకి తిరిగాయి. అది తొట్టి నీళ్లు కాదు. అందులో చేపల్లేవు, చుక్కల్లేవు. ఉన్నదల్లా అతనూ ఎల్లారావూ ఎనిమిది గంటలు పీల్చిన గాలి.

మర్నాడు ఇద్దరూ గంధకం పుల్ల వెలిగించారు. దాన్ని గొట్టాల వెంట తిప్పితే గ్యాసు కారేచోట తెల్లటి పొగ లేస్తుంది. వాల్వుల దగ్గర లేవలేదు. అతుకుల దగ్గర లేవలేదు. కప్పు కింద, చల్లదనం పోకుండా కార్కు బెరడు చుట్టి తారు పూసిన లావుపాటి గొట్టం దగ్గరికి పుల్ల రాగానే తెల్లగా, చిక్కగా లేచింది. ఎల్లారావు బెరడు కొంచెం పక్కకి తీశాడు. దాంతోపాటు తుప్పు పెచ్చులు రాలి అతని భుజం మీద పడ్డాయి.

"మరి ముట్టుకోకు బావా" అన్నాడు వరహాలు. ఇద్దరూ నిచ్చెన దిగి వచ్చారు.

"ఈ నాలుగు రోజుల్లోనే సిల్లు పెద్దదైనట్టుంది. బిగిత్తే ఆగేది కాదు అది. మిషను ఆపి గొట్టం మార్చాల" అన్నాడు ఎల్లారావు. "రొయ్యల సీజన్లో ఆపుతారేటి?"

"మరి సెప్పొద్దా?"

"సెప్తే నీ పని ఊడతాది. సెప్పకపోతే ఒకనాడు అదే ఊడి మనమీద పడతాది. నాకింకొక్క కన్నే ఉంది బావా. నువ్వే ఆలోసించు."

వరహాలు రెండు రోజులు ఆలోచించాడు. ఆ రెండు రోజులూ పని చేస్తున్నంతసేపూ కళ్లు కప్పు మీదే. మూడోరోజు చేతులు కట్టుకుని మేనేజరు గదిలోకి వెళ్లాడు. గాజు గొట్టం బల్లమీద పెట్టి అంతా చెప్పాడు. భీమశంకరరావు శ్రద్ధగా విన్నాడు.

"అదా సంగతి. భలే కనిపెట్టావయ్యా" అన్నాడు. "అయితే ఆ మోటారు తీసుకొచ్చి ఇటు పెట్టెయ్. పోనీ, రొదైతే అయింది. చేపలకి మంచి గాలి కావాలి కదా."

వరహాలు మోటారు తెచ్చి ఆయన బల్ల పక్కన పెట్టాడు. తీగ కలిపాడు. తొట్టిలో బుడగలు లేచాయి. అయినా అక్కడే నిలబడ్డాడు.

"ఇంకేంటి?"

"సేపల మోటారు ఇటు పెట్టీసేను బాబూ. మరి మమ్మల్ని ఎటు పెట్టమంటారు?"

భీమశంకరరావు కళ్లజోడు తీశాడు. "సీజను అయ్యాక చూద్దాం. వెళ్లి పని చూసుకో."

మర్నాడు పొద్దున వరహాలు, ఎల్లారావు గేటు బయట కూర్చున్నారు. గొట్టం మార్చేదాకా లోపలికి రామన్నారు. వరహాలు కాళ్లు వణుకుతూనే ఉన్నాయని, వాటిని తువ్వాలుతో కప్పుకుని కూర్చున్నాడని ఎల్లారావు తర్వాత చెప్పాడు. పదిగంటలకి వేరే ఇద్దరిని లోపలికి పంపారు. మధ్యాహ్నానికి వీళ్ల పేర్లు కొట్టేశారు.

వరహాలు ఫ్యాక్టరీల తనిఖీ అధికారి ఆఫీసుకి వెళ్లాడు. అక్కడి గుమాస్తా చెడ్డవాడు కాదు. కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. హాజరు పుస్తకం నకలు తెప్పించి చూశాడు. "దీని ప్రకారం నువ్వు ఆ గదిలో అడుగే పెట్టలేదు. పెట్టనివాడి ఫిర్యాదు నేను ఎలా రాసుకోను?" అన్నాడు. లేచి వస్తుంటే వెనకనుంచి పిలిచి, "ఫ్యాక్టరీ వీధిలో కాపురం ఉండేవాళ్లు రాస్తే మాత్రం వెళ్లి చూడాల్సిందే" అన్నాడు.

వరహాలు ఆ వీధిలో ఇల్లిల్లూ తిరిగాడు. తలుపులు తీసినవాళ్లు జాలిపడ్డారు. రాసినవాళ్లు లేరు. ఇప్పుడతను ఉక్కునగరంలో క్వార్టర్ల కట్టుబడికి సిమెంటు మోస్తున్నాడు. మెట్లెక్కితే దగ్గు ఆగదు. ఆ దీపావళికి వచ్చిన కంపెనీ వాళ్లు తొట్టిలో చేపల్ని చూసి మెచ్చుకున్నారట. గొట్టానికి మళ్లీ తారు పూశారని లోపలివాళ్లు చెబుతున్నారు. మార్చలేదు.

భోపాల్ గ్యాసు ప్రమాదం తర్వాత మనమంతా పెద్ద ఫ్యాక్టరీల పొగగొట్టాల వైపు చూస్తున్నాం. ఐసు ఫ్యాక్టరీ వైపు ఎవరూ చూడరు. ఐసులో ఏముంటుంది, నీళ్లే కదా అనుకుంటాం. ఐసు ఫ్యాక్టరీలున్న చేపల రేవు వెనక సందుల్లో, పూర్ణా మార్కెట్టు చుట్టుపక్కల ఉండేవాళ్లకి ఒక మనవి. పొద్దున్నే కిటికీ తీసినప్పుడు కళ్లు మండితే, ముక్కులో సూది గుచ్చినట్టయితే, అలవాటైపోయిందని ఊరుకోకండి. అలవాటైందంటే ముక్కు చచ్చిందని అర్థం. ఒక పోస్టుకార్డు తీసుకోండి. ఏ వీధి, ఏ రోజు, ఎన్ని గంటలకు వాసన వచ్చిందో రాయండి. కింద మీ పేరు, ఇంటి నంబరు రాసి ఫ్యాక్టరీల తనిఖీ అధికారికి పంపండి. మీ పక్కింటివాళ్ల చేత ఇంకొకటి రాయించండి. ఈ వారమే రాయండి. రొయ్యల సీజను మళ్లీ మొదలైంది. ఆ గొట్టం కింద ఈ రోజు కూడా ఇద్దరు మనుషులు పనిచేస్తున్నారు.