బండలో దిగిన మేకు

దయ్యాలున్నాయంటే నవ్వేదాన్ని. నవ్వడమే కాదు, తిట్టేదాన్ని కూడా. తాండూరులో ఆశా కార్యకర్తగా ఇల్లిల్లూ తిరుగుతాను. జ్వరమొచ్చిన పిల్లకు తాయెత్తు కట్టిన తల్లి కనబడితే, "దవాఖానకు తోల్కపొమ్మంటే తాడు గడ్తవా?" అని కొట్టినంత పని చేసేదాన్ని. అందుకే ఇది రాయాలంటే సిగ్గుగా ఉంది. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా ఆయన బండల పాలిష్ పని చేస్తాడు. మేం అద్దెకున్నది పాత ఇల్లు, గోడలన్నీ నాపబండలే. ఓనరు ముసలమ్మ మనవరాలితో వెనక వాటాలో ఉంటుంది. ఆమెను అవ్వా అంటాం. మా లోపలి గదిలో ఒక గోడ నిండా మేకులు. మా కోసమే కొట్టిపెట్టినట్టున్నాయని సంబరపడి సంచులు, చొక్కాలు, నా డ్యూటీ చీర అన్నీ వాటికే తగిలించాను.

ఆ ఇంటికొచ్చిన వానాకాలంలోనే మా శ్రావ్యకు ఆయాసం మొదలైంది. ఒకటో తరగతి పిల్ల. పెదవులు నల్లబడేవి. వికారాబాద్ పెద్దాసుపత్రిలో ఉన్నన్నాళ్లూ చక్కగా ఆడుకునేది, ఇంటికి తెస్తే మళ్లీ అదే. రైల్లో అటూ ఇటూ తిరిగి ప్రాణం విసిగింది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. పిల్ల మాత్రం ఎముకల గూడైంది.

"అమ్మా, నేను సచ్చిపోతనా?" అని ఒకరోజు అడిగింది. ఊరందరి పిల్లలకూ ధైర్యం చెప్పే నేను, గిన్నెలు తోమే వంకతో బయటికెళ్లి ఏడ్చాను.

గోడకు వేలాడే బట్టల్లో దుమ్ము పేరుకుంటుంది, అన్నీ తీసేసి సున్నం వేయించమని ఆ ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పింది. సరేనని ఒక పొద్దున శ్రావ్య మంచం గడప అవతల, కళ్లెదురుగా వేసి మేకులు పీకడం మొదలుపెట్టాను.

నాపబండలో మేకు దిగదు. కొడితే వంగుతుంది, లేదంటే బండ పగులుతుంది. అందుకే బండల మధ్య సందులో చెక్కముక్క దిగ్గొట్టి, దానికి మేకు కొడతారు. మొదటి మేకు ఊడగానే శ్రావ్య గట్టిగా ఊపిరి తీసుకుంది. ఇంకోటి తీశాను, మళ్లీ అంతే. మేకు ఊడిన కొద్దీ పిల్ల తేలికపడుతోంది. తొందర తొందరగా పీకసాగాను.

చివరిది నా చీర చాటున ఉంది. అది సందులో లేదు. బండ నట్టనడుమ దిగి ఉంది, చుట్టూ వెంట్రుకంత పగులు లేదు. ఎంత లాగినా రాలేదు. ఇంతలో పిల్లకు ఊపిరి బిగుసుకుంది. ఆయాసం అంత గట్టిగా ఎన్నడూ రాలేదు. ఇన్‌హేలర్ పఫ్ కొట్టినా లాభం లేకపోయింది. ఇంకా పనికి పోని మా ఆయన ఆటో కోసం పరుగెత్తాడు.

నా కేకలకు అవ్వ వచ్చింది. గోడను చూసి కూలబడింది.

"అయ్యో, గవి ఎందుకు తీసినవ్ బిడ్డా! నా కోడలు బాలింతగ గీ అర్రలనే సచ్చిపోయింది. నా మన్మరాలు గప్పుడు పసిగుడ్డు, దాని కోసం మళ్ల వస్తదని గా మేకులు కొట్టిచ్చిన."

కన్నబిడ్డ దగ్గరికి రాకుండా తల్లిని మేకులతో ఆపారు. నాకు భయం వేయలేదు. బండకు నుదురు ఆనించి ఏడుస్తూ బతిమాలాను.

"అక్కా, నీ బిడ్డ తాన్కి నువ్వు పో. నా బిడ్డను నాకు ఇడువు."

"గట్లనకు!" అని అవ్వ కేక పెట్టింది.

మేకు నా చేతిలోకి వచ్చేసింది. నేను లాగలేదు, పట్టుకున్నానంతే. వెనక శ్రావ్య దగ్గి, మంచినీళ్లు అడిగింది.

మా ఆయన ఆటో తెచ్చేసరికి పిల్ల లేచి కూర్చుంది. ఆయన బండ మీద అరచెయ్యి పెట్టి రుద్ది రుద్ది చూశాడు. మేకు ఊడిన చోట రంధ్రం లేదు. ఏళ్లుగా బండలతోనే బతుకుతున్న మనిషి, ఆటోను వెనక్కి పంపడం కూడా మరిచిపోయాడు.

దుమ్ము పోయింది కాబట్టి తగ్గిందని తర్వాత డాక్టరమ్మ అంది. కావచ్చు. రంధ్రం సంగతి ఆమెకు చెప్పలేదు.

ఆ సాయంత్రం అవ్వ మనవరాలు మా గడప ముందు నిలబడింది. ఇంటర్ చదివే పిల్ల. అవ్వ ఆమెను మా వాటా వైపు ఎన్నడూ రానివ్వలేదు. అప్పుడే కాలేజీ నుంచి వచ్చింది, భుజాన బ్యాగు కూడా దించలేదు.

"ఆంటీ, మీ ఇంట్లకెల్లి నన్నెవరో పిలుస్తున్నరు. జర లోపలికి రావాల్నా?"

శ్రావ్యను చంకనేసుకుని పక్కకు జరిగాను. ఆ పిల్ల సూటిగా లోపలి గదిలోకెళ్లి, అదే బండకు చెంప ఆనించి నిలబడింది. ఏ బండో ఆమెకు ఎవరూ చూపలేదు.

అప్పట్నుంచి రోజూ వస్తుంది. శ్రావ్య ఇప్పుడు వీధంతా ఉరుకుతోంది. ఆ రోజు ఏం జరిగిందో, నేనేం అడిగానో, నాకు ఏం దక్కిందో ఇప్పటికీ తెలియదు.

నిన్న అవ్వ మనవరాలు మా మెట్లెక్కుతూ ఆగి, ఒకప్పటి శ్రావ్యలా రొప్పింది. ఎండల వల్ల అని చెప్పాను. ఆ మాట నేను నమ్ముతున్నానా అని మాత్రం నన్ను అడగకండి.